బావగారి దశావతారాలు

పిల్లల్లోని సృజనను మొగ్గలోనే తుంచేస్తున్నది తల్లిదండ్రులేనని విజయవాడలో అందరికంటే గట్టిగా నమ్మిన మనిషి మా బావగారు. లిఫ్టులో ఎదురైనవారికి కూడా, అయిదో అంతస్తు వచ్చేలోపు, పిల్లల చేతికి పని ఇచ్చి పెద్దలు పక్కకు తప్పుకోవాలని బోధించి మరీ దిగుతారు. అందుకే మా మేనకోడలిని బడిలో బొమ్మ చేసుకు రమ్మన్నారని తెలిసిన సాయంత్రం ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆ పని ఊరికే పుట్టలేదు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలు 10 రోజులపాటు పుస్తకాల సంచి మోయకుండా వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు, కళాకారుల దగ్గర కూర్చుని నేర్చుకోవాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ లెక్కన ఆరో తరగతి పిల్లలను కొండపల్లి తీసుకువెళ్ళి, తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కడం, చేతులూ కాళ్ళూ విడిగా చేసి అతకడం, చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో బొమ్మకు ఒంపులు తేవడం చూపించారు. ఇంట్లో దొరికినవాటితో అలాంటి బొమ్మ ఒకటి చేసి తేవాలనీ, పెద్దల సాయం కూడదనీ డైరీలో రాయించారు. రెండో మాట కింద ఎర్రసిరా గీత కూడా ఉంది.

మేనకోడలు అప్పటికే నిర్ణయించుకుంది: కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడే మా అపార్టుమెంటు వాచ్‌మన్. బావగారు శ్రద్ధగా విని, "అద్భుతమైన ఆలోచన తల్లీ! కాకపోతే కొండపల్లి అన్నాక దశావతారాలు ఉంటేనే నిండుగా ఉంటుంది" అన్నారు. అంతటితో వాచ్‌మన్ ఉద్యోగం ఊడింది.

చింతగింజలను వేయించి, పైపొట్టు తీసి, అక్క కొత్త మిక్సీలో వేశారు. గింజలు నలగలేదు కానీ బ్లేడు విరిగింది. చివరికి రోట్లో దంచి మక్కు కలుపుతుంటే పిల్ల వచ్చి, "నాన్నా, నేను కలపనా?" అని అడిగింది. "చూస్తూ నేర్చుకో అమ్మా, నువ్వు చెయ్యి పెడితే ఆకారం పోతుంది" అన్నారు, సృజనకు స్వేచ్ఛే ప్రాణమని అప్పుడే నాకు వివరిస్తున్న బావగారు. అది చిటికెడు మక్కు తీసుకుని ఓ మూల కూర్చుంది. కాసేపటికి వాషింగ్ మెషీన్ మీద బొటనవేలంత వాచ్‌మన్ వెలిశాడు. గడ్డం ఛాతీకి ఆనింది, టోపీ ముక్కు మీదకు జారింది. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో ఆ రాత్రి తయారైన వాటిలో చూడగానే ఎవరో పోల్చుకోగలిగినది అదొక్కటే.

పదకొండు దాటాక వరాహం పొట్టకు మక్కు చాలలేదు. "ఇదిగో, ఇక్కడ కాస్త మిగిలింది!" అంటూ బావగారు వాచ్‌మన్‌ను తీసి, ఉండ చేసి, పొట్టకు మెత్తారు. పిల్ల ఏమీ అనకుండా వెళ్ళి పడుకుంది. "ఈ కాలం పిల్లలకు ఓపిక తక్కువ" అని ఆయన నొచ్చుకున్నారు.

తెల్లవారినా రంగులు ఆరకపోవడంతో అక్క హెయిర్ డ్రయర్‌కు పని పడింది. బెంజి సర్కిల్ దగ్గర స్కూటర్ కుదుపుకు నరసింహుడి తల, వామనుడి గొడుగు ఊడిపోయాయి. బడి గేటు దగ్గర కంగారుగా అతికించేసరికి నరసింహుడికి గొడుగు వచ్చింది.

హాల్లో టీచర్ నవ్వుతూ, "ఇవి ఎవరు చేశారమ్మా?" అని అడిగారు. బావగారు కూతురికి సత్యవ్రతం కూడా నేర్పి ఉన్నారు. "మా నాన్న చేశారు టీచర్" అంది అది, తడుముకోకుండా. దాంతో పక్క పిల్లలకూ ధైర్యం వచ్చి, ఒకరు మామయ్య పేరు, ఇంకొకరు తాతగారి పేరు, మరొకరు ఫ్యాన్సీ షాపు అంకుల్ పేరు చెప్పేశారు. తండ్రులు మాత్రం ఈ గొడవేదీ పట్టకుండా, "మీరు పొట్టు ఎంత పాళ్ళు కలిపారండీ?" అంటూ కబుర్లలో మునిగి ఉన్నారు.

ప్రధానోపాధ్యాయురాలు కోప్పడలేదు. తండ్రులను వారి వారి బొమ్మల వెనక నిలబెట్టి, పిల్లల చేతికి మార్కుల కాగితాలు ఇచ్చారు. మా మేనకోడలు అన్ని బల్లలూ తిరిగి, తండ్రికి పదికి ఆరున్నర వేసి, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: "వరాహం పొట్ట బాగుంది. అది నా వాచ్‌మన్."

బావగారు చదివారు. వాచ్‌మన్ ఎవరని కూడా అడగలేదు. పక్క బల్ల మీది ఎడ్లబండికి ఏడు మార్కులు ఎలా వచ్చాయో తేల్చుకోవడానికి, చేతిలో కాగితంతో ప్రధానోపాధ్యాయురాలి గది వైపు నడిచారు.