ఒకే దృశ్యానికి రెండు నీతులా?

పుట్టినరోజు కేకును తల్వార్‌తో కోసి ఆ వీడియోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన బస్తీ కుర్రవాడిని హైదరాబాద్ పోలీసులు స్టేషన్‌కు పిలిపిస్తారు, ఆయుధాల చట్టం కింద కేసు కడతారు. అదే తల్వార్, దాని పక్కన నాలుగు తుపాకులు పెట్టుకుని, ఖరీదైన కెమెరాల ముందు చిత్రించిన ర్యాప్ వీడియో మాత్రం లక్షల వ్యూస్ తెచ్చుకుని బరాత్‌లలోనూ, కళాశాల ఉత్సవాల్లోనూ దర్జాగా మోగుతోంది. వీడియోలోవి బొమ్మ ఆయుధాలని, చట్టం దృష్టిలో రెంటికీ తేడా ఉందని మాకు తెలుసు. అయితే ఆ తేడా ఫోన్‌లో చూస్తున్న పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఎవరు చెప్పారు?

ఈ వీడియోలు కుర్రకారును ఎలా పట్టుకుంటున్నాయో ఒకసారి నిదానంగా చూడాలి. కెమెరాను నేలబారున పెట్టి పైకి తిప్పడంతో ర్యాపర్ వెనుకనున్న మేడలకన్నా ఎత్తుగా కనిపిస్తాడు. అతని వెనుక ముప్పై నలభై మంది చేతులు కట్టుకుని నిలబడతారు. వారికి పాట లేదు, మాట లేదు, తనకు బలగం ఉందని చూపడానికే వారిని అక్కడ నిలబెట్టారు. పూట అద్దెకు తెచ్చిన కారు బానెట్, మెడలోని లావుపాటి గొలుసు, గాలిలోకి విసిరే నోట్లు, నెమ్మదిగా తేలే పొగ, లేబుల్ స్పష్టంగా కనిపించేలా తిప్పి పట్టుకున్న సీసా ఒకదాని వెనుక ఒకటిగా వస్తాయి. ఆడపిల్ల ఆ కారుకు ఆనించిన మరో వస్తువుగా మిగులుతుంది. ఎక్కడ కోసినా ఒక రీల్‌గా పనికొచ్చేలా కొద్ది సెకన్లకో దృశ్యాన్ని మార్చేస్తారు. అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది ఆ గుంపు ముందు వరుసలో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, ప్లాస్టిక్ పిస్తోలును కెమెరాకు గురిపెట్టి నిలబడే పదేళ్ల పిల్లవాడు.

ర్యాప్ పేదవాడి గొంతు అని, అది చూసిన జీవితాన్నే చూపిస్తోందని కళాకారులు అంటారు. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో నల్లజాతి యువత నడుమ పుట్టిన, ర్యాప్‌కు మూలమైన హిప్‌హాప్ ఆకలిని, వివక్షను నిలదీసిన మాట నిజం. మన నగరంలోనూ దక్కనీలో, తెలుగులో నిజాయతీగా పాట కట్టేవారు ఉన్నారు. వారి నోరు నొక్కాలని మేము కోరడం లేదు. కానీ అద్దె కారు, బొమ్మ తుపాకీ ఏ బస్తీ బతుకును చూపిస్తున్నాయో ఆ వాదన చేసేవారే చెప్పాలి.

ప్రభుత్వాల తీరు ఇంకా విడ్డూరం. 2024 నవంబరులో పంజాబీ గాయకుడు దిల్జిత్ దోసాంజ్ హైదరాబాద్ కచేరీకి ముందు మద్యాన్ని, మాదక ద్రవ్యాలను, హింసను ప్రోత్సహించే పాటలు పాడరాదని, పిల్లలను వేదికపైకి తీసుకురారాదని తెలంగాణ అధికారులు నోటీసు ఇచ్చారు. ఒక్క సాయంత్రపు వేదికపై అంత జాగ్రత్త చూపిన యంత్రాంగానికి, ఏడాది పొడవునా ప్రతి ఇంట్లోని ఫోన్‌లో ఆడుతున్నది కనిపించకపోవడం ఏమిటి? కేబుల్ టీవీలో మ్యూజిక్ వీడియో ప్రసారం కావాలంటే, అందరూ చూడదగినదేనని సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఉండాలని నిబంధన ఉంది. అదే వీడియోను యూట్యూబ్‌లో పెట్టడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కరలేదు. టీవీ ముందు కూర్చునే పిల్లలు తగ్గిపోయి అందరూ ఫోన్‌కు అతుక్కున్న ఈ రోజుల్లో, ఖాళీ గదికి కాపలా పెట్టి వాకిలి తెరిచి ఉంచినట్లుంది ఈ వ్యవహారం.

మద్యం సీసాల విషయంలోనూ ఇవే రెండు నీతులు. వేరే సరుకు పేరు చెప్పి మద్యాన్ని ప్రచారం చేసే ముసుగు ప్రకటనలను నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. సీసా లేబుల్ మీద కెమెరా అంతసేపు నిలవడానికి డబ్బు చేతులు మారిందా లేదా అని ఈ వీడియోల నిర్మాతలను అడిగే నాథుడు కావాలి. పంజాబ్ అనుభవం మన ముందే ఉంది. మద్యాన్ని, మత్తును, హింసను కీర్తించే పాటలను అడ్డుకోవాలని 2019లో అక్కడి హైకోర్టు పోలీసులను ఆదేశించింది. 2022 నవంబరులో తుపాకులను కీర్తించే పాటలను రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. వ్యవహారం అంతదాకా ముదిరాక మేల్కొనడం తెలంగాణకు తగదు.

మేము నిషేధం అడగడం లేదు, ఒకే నీతిని అడుగుతున్నాము. పిల్లలతో ఆయుధాలు పట్టించిన వీడియో ఎవరిదైనా, ఎన్ని వ్యూస్ ఉన్నదైనా తీసివేయించాలి. వయోపరిమితి పెట్టవలసిన వీడియోకు యూట్యూబ్ అది పెట్టి తీరాలి. బస్తీ కుర్రవాడి రీల్‌ను గంటల్లో పట్టుకోగలిగిన సైబర్ విభాగానికి, పేరు మోసిన ర్యాపర్ల చానళ్లు చూడటం చేతకాదంటే ఎవరూ నమ్మరు. ఇక బస్తీ పేరు చెప్పుకుని పైకొచ్చిన గాయకులు సైతం, తాము నేర్పిన వేషాన్ని అనుకరించి కేసుల్లో ఇరుక్కున్న కుర్రవాళ్ల కోసం ఇప్పటిదాకా ఒక్క మాటైనా ఎందుకు మాట్లాడలేదో జవాబు చెప్పాలి.