ముద్ద దిగితే యూ సర్టిఫికెట్

సినిమాకి సర్టిఫికెట్ ఇవ్వడానికి ముంబయిలో ఓ బోర్డు ఉంది. సినిమా పేరుతో వచ్చే వీడియోగేమ్‌కి ఇవ్వడానికి విజయనగరంలో, కోటకి నాలుగు సందుల అవతల, మా చెల్లెలి వంటింట్లో ఇంకో బోర్డు ఉంది. మొదటిదాన్ని తిట్టడానికి దేశమంతా ఉంది. రెండోదాని పనితీరే ఇంతవరకూ ఎవరూ గ్రంథస్థం చెయ్యలేదు. మొన్న ఆదివారం జరిగిన సర్వసభ్య సమావేశానికి నేను పరిశీలకుడి హోదాలో హాజరయ్యాను గనక ఆ లోటు తీరుస్తున్నాను.

దరఖాస్తుదారు మా మేనల్లుడు. వయసు ఆరు, ఒకటో తరగతి. విచారణలో ఉన్నది ఓ పెద్ద హీరో సినిమా మీద వచ్చిన ఫోన్ గేమ్. పేరు చెప్పను. చెప్తే అభిమానులు మా ఇంటి అడ్రస్ అడుగుతారు. అయినా ఏ సినిమా అయితేనేం, హీరో పరిగెడతాడు, ఎదురొచ్చినవాణ్ణి నరుకుతాడు, నరికిన చోట బంగారు నాణేలు రాలతాయి.

బోర్డుకి అధ్యక్షురాలు మా బావ వాళ్లమ్మ, నాకు అత్తయ్య. సభ్యుల్లో మొదటివాడు బావ. ఒకప్పుడు అదే హీరో అభిమాన సంఘానికి కోశాధికారి, ఆ లెక్కలు ఇప్పటికీ అప్పజెప్పలేదు. తర్వాత మా చెల్లి. మూడో సభ్యులు పక్కింటి రిటైర్డ్ మాస్టారు. ఆయన కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చారు కాబట్టి ఆయన నిష్పాక్షికతని ఎవరూ శంకించలేరు.

బోర్డు పెట్టే పరీక్ష ఒకటే. దాన్ని శాస్త్రీయంగా ముద్ద పరీక్ష అంటారు. స్టీలు చెంబుకి ఫోన్ ఆనించి పెడతారు. పిల్లాడు చాపమీద బాసింపట్టు వేసుకుని రెండు బొటనవేళ్లూ తెరమీద ఆడిస్తుంటాడు. అత్తయ్య పప్పూ నెయ్యీ కలిపిన అన్నం ముద్ద చేసి చేత్తో పట్టుకుని కాచుకుని కూర్చుంటుంది. తెరమీద కత్తి లేచినప్పుడు వీడి నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఆ క్షణంలో ముద్ద లోపలికి. కత్తి దిగుతుంది, ముద్ద దిగుతుంది. మూడో ముద్దకి ముగ్గురు పోయారు. ఐదో ముద్ద దగ్గర ఓ ఏనుగు కూలింది. ఏడో ముద్దకి ఏడో రాక్షసుడి తల ఎగిరి, గోడకి కొట్టుకుని, దొర్లుకుంటూ వచ్చి హీరో కాళ్ల దగ్గర ఆగింది. పిల్లాడి గడ్డం మీద ఓ మెతుకు. అత్తయ్య కళ్లలో నీళ్లు.

"ఓలమ్మ, సూడండే! ఏడు ముద్దలు తినీసాడు! నిన్న రెండో ముద్దకే నోరు మూసీసినాడు గుంటడు."

అయిపోయింది. సర్టిఫికెట్ మంజూరు. 

పరిశీలకుడికి నోరు లేదని తెలిసినా ఆగలేక అన్నాను: "అత్తయ్యా, తలలు తెగుతున్నాయి."

"తెగితే ఏటి బాబూ? అమ్మోరి సంబరంలో పులేషాలు సూళ్లేదేటి? సిరిమాను మీద పూజారి అంతెత్తున ఊగతా ఉంటే తండ్రి భుజమ్మీద కూకుని సప్పట్లు కొట్టినాడు. ఆటికే జడవనోడు ఈటికి జడుస్తాడేటి?"

ఈ వాదనకి నా దగ్గర జవాబు ఉంది గానీ చెప్పే సందు దొరకలేదు. పైడితల్లి అమ్మవారి పండగలో పులివేషం కట్టినవాడు, ఆట అయ్యాక ముఖానికి చెమట తుడుచుకుని, మా వాడి ఎదురుగానే గోలీసోడా తాగాడు. వీడికి నాలుగు గుక్కలు పోశాడు కూడా. ఏడో ముద్ద రాక్షసుడు లేచి సోడా తాగడం నేను చూడలేదు.

"రక్తం కాదు బావా, సరిగ్గా చూడు, ఆకుపచ్చ," అన్నాడు బావ. "అయినా సెన్సారోళ్లు చూసే వదిలారు కదా!"

వాళ్లు వదిలింది సినిమాని. అదీ యూఏ 13+ అని. 2024 నుంచి యూఏని 7+, 13+, 16+ అని మూడు ముక్కలు చేశారు, ఏ వయసు వరకూ పెద్దవాళ్లు ఆలోచించుకోవాలో తెలియడానికి. గేములు ఆ బోర్డు ముందుకి రానే రావు. పైగా సినిమాలో హీరో నరకడానికి ఓ కారణం ఉంటుంది: తండ్రిని చంపారు, చెల్లిని ఎత్తుకెళ్లారు, కనీసం ఇంటర్వెల్ దగ్గరపడింది. గేములో కారణం తీసేసి నరకడం ఒక్కటీ ఉంచారు.

"వయసు రాసుంటుంది కదటోయ్," అన్నారు మాస్టారు. రాసే ఉంది. ఆవగింజంత అక్షరాల్లో 12+. అది ఎలా వస్తుందో తెలుసుకుంటే మా వంటింటి బోర్డు మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. గేము తయారుచేసినవాడికే ఓ ప్రశ్నపత్రం ఇస్తారు: రక్తం ఉందా, ఎంత, కొట్టుకోవడం ఉందా, ఎలాంటిది? వాడు నింపిన జవాబుల్ని బట్టి ముందు ఓ అంకె పడుతుంది. పెళ్లికొడుకు గుణగణాలు పెళ్లికొడుకునే అడిగి రాసుకోవడమన్నమాట. అమెరికాలో 1993లో గేముల్లో రక్తం మీద సెనేట్‌లో విచారణలే జరిగి, 1994లో రేటింగ్ బోర్డు పుట్టింది. యూరప్‌లో 2003 నుంచి 3, 7, 12, 16, 18 అని అంకెలు వేస్తున్నారు. ఇంత కష్టపడి వేసిన అంకెకి మా బావ చెప్పిన భాష్యం: "పన్నెండు ప్లస్ అంటే పన్నెండు లెవెల్స్ పైన ఉన్నాయని." మాస్టారు తలూపారు. ఆయన ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పారు.

సినిమా గేమ్‌కి మర్యాదగా అంత్యక్రియలు చేసిన ఊళ్లూ ఉన్నాయి. 1982లో అటారీ కంపెనీ 'ఈ.టీ.' సినిమాకి గేమ్ తలపెట్టింది. క్రిస్మస్ బేరాలకి అందాలని ఒకే ఒక ప్రోగ్రామర్ చేత ఐదు వారాల్లో చేయించారు. (మా వీధి కాలువ మీద పలక వెయ్యడానికి అంతకంటే ఎక్కువ పట్టింది.) కుప్పలుగా మిగిలిపోయిన సరుకుని 1983లో న్యూమెక్సికోలో అలమొగోర్డో అనే ఊరి చెత్తదిబ్బలో పాతిపెట్టారు. 2014లో తవ్వితే నిజంగానే బయటపడింది. మనం పాతిపెట్టం. పప్పన్నంలో కలిపి పెడతాం.

సాయంత్రానికి పిల్లాడు పదో లెవెల్ చేరాడు. అక్కడ రాకుమారిని విలన్ ఎత్తుకుపోతాడు. బాణాలు అయిపోతాయి. అయిపోయేలాగే చేశారు, ఆ సంగతి తర్వాత తెలిసింది. ఆ పిల్ల తెరలోంచి నేరుగా వీడి వైపు తిరిగి, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, చక్కటి తెలుగులో అంటుంది: "నన్ను వదిలేసి వెళ్లిపోతావా?" పక్కన అంకెలు మొదలవుతాయి. పది, తొమ్మిది, ఎనిమిది. కింద అరచేయంత ఎర్ర బటన్: కాపాడు, 89 రూపాయలు. మూలన, బూడిదరంగులో, కనపడీ కనపడకుండా: వద్దు.

పిల్లాడు ఫోన్ పట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. "నాన్నా, ఐదు! నాన్నా, నాలుగు!" బావ నవ్వి ఫోన్ లాక్కుని జేబులో వేసుకున్నాడు.

ఆ రాత్రి నా పక్కలో పడుకుని, అందరూ నిద్రపోయారనుకున్నాక, నా చెవిలో అడిగాడు: "మావయ్యా, ఆ అక్క సచ్చిపోయింది కదా? నా వల్లే కదా?"

ఇక్కడ నాకు వ్యంగ్యం చాతకావడం లేదు. ఎక్కడో ఏసీ గదిలో చదువుకున్నవాళ్లు కూర్చుని ఆ కన్నీటిబొట్టు ఎంత లావుండాలో తేల్చారు. అంకెలు పది నుంచి మొదలవ్వాలా, ఐదు నుంచా అని లెక్కవేశారు. ఆరేళ్ల పిల్లాడి జాలి వెల 89 అని నిర్ణయించారు. మా సంతలో తూకం కొట్టేవాడు కూడా పిల్లాడు చిల్లర పట్టుకుని ఒంటరిగా వస్తే సరిగ్గా తూస్తాడురా! పిల్లలు పెద్దవాళ్లకి తెలియకుండా ఇలాంటివి కొనేశారని 2014లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఆపిల్ కంపెనీ చేత కనీసం 3 కోట్ల 25 లక్షల డాలర్లు వెనక్కి ఇప్పించే ఒప్పందం చేసుకుంది. డబ్బు వెనక్కి వస్తుంది. "నా వల్లే కదా" అన్నదాన్ని ఏ అకౌంట్లో వెనక్కి వేస్తారు?

మేమైనా తక్కువా? ఆవకాయకి కాయ కొనేటప్పుడు అత్తయ్య ముక్క కోయించి, నాలిక మీద పెట్టుకుని, పులుపు చాలదంటే బుట్టంతా వదిలేసి వస్తుంది. ఈ కాయని మాలో ఒక్కరం కొరికి చూడలేదు. పది నిమిషాలు మేం ఆడి ఉంటే ఏనుగూ, ఎర్ర బటనూ అన్నీ కనపడేవి. నేనూ పరిశీలకుణ్ణని మురిసిపోయాను తప్ప ఫోన్ ముట్టుకోలేదు.

ముట్టుకున్నాను, రాత్రి ఒంటిగంటకి. బావ జేబులోంచి తీసి, దుప్పటి కప్పుకుని, సౌండ్ తగ్గించుకుని పదో లెవెల్ దాకా వెళ్లాను. బాణాలు అయిపోయాయి. ఆ పిల్ల నా వైపు తిరిగింది. మూడు అనేసరికి 89 రూపాయలు కట్టేశాను.

పొద్దున్న పిల్లాడు లేవగానే చూపించాను. రాకుమారి హీరో పక్కన నిలబడి చెయ్యి ఊపుతోంది. వాడు ముఖం కడుక్కోకుండానే అందరికీ చూపించి వచ్చాడు. అత్తయ్య ఇడ్లీ పట్టుకొచ్చి చెంబు సర్దింది.

పదకొండో లెవెల్లో, రెండో ఇడ్లీ దగ్గర, మళ్లీ ఎత్తుకుపోయారు. ఈసారి 149.