గుమ్మంలో నిలబడి అడిగే ప్రశ్నలు కావివి

ఇంటింటి సర్వే ఫారంలోనే గృహహింస ప్రశ్నలు నాలుగు చేర్చితే చాలని ఒక వ్యాసంలో రాశారు. దయచేసి అలా చేయకండి. విశాఖ జాలారిపేట లాంటి చోట్ల ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. గుమ్మంలో అడిగింది పక్కింటికి వినిపిస్తుంది. ఆ మాట రాత్రికి భర్త చెవిన పడితే దెబ్బలు తినేది జవాబు చెప్పిన ఆమే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింస భాగానికి ఇంటికి ఒక్క మహిళనే ఎంచుకుంటారు, ఏకాంతం దొరక్కపోతే ఆ ప్రశ్నలు వదిలేస్తారు. అత్తనో తోడికోడలినో కూడా అడిగితే, మొదటామెను ఏం అడిగారో ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది కదా. బయటికి 'మహిళల ఆరోగ్యం' సర్వే అనే చెప్పాలి. అసలు విషయం ఆమెకు ఒంటరిగా ఉన్నప్పుడు వివరించి సమ్మతి తీసుకోవాలి. ఎవరైనా వస్తే మాట మార్చడానికి టీకాల ప్రశ్నల కాగితం చేతిలో సిద్ధంగా ఉండాలి. రెండేళ్లు దాటిన పిల్లలు దగ్గర ఉన్నా ఆపాల్సిందే, విన్నది వాళ్లు తిరిగి చెప్పేస్తారు.

ఇంకొకటి, "మీపై హింస జరిగిందా?" అంటే చాలామంది లేదనే అంటారు. చెంపదెబ్బ కొట్టారా, జుట్టు పట్టి లాగారా, తోసేశారా అని ఒక్కొక్కటీ విడిగా అడగాలి.

18 ఏళ్లలోపు అమ్మాయిలతో "ఎవరికీ చెప్పం" అని మాటివ్వకండి. లైంగిక దాడి సంగతి తెలిస్తే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నుంచి రక్షణ) చట్టం ప్రకారం ఫిర్యాదు చేయక తప్పదు, అది ముందే చెప్పాలి.

మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరును విడిగా రాసివ్వొద్దు. 104, 108 లాంటి ఆరోగ్య నంబర్లతో కలిపి చిన్న కార్డు మీద ఇస్తే ఎవరి కంటా పడదు.