బటన్‌కు వినయం నేర్పకండి

దసరాకు ముందు, మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నా సీటు దగ్గరికొచ్చి, "సార్, కోడ్ కంటే ముందు టెస్ట్ రాద్దామా?" అంది.

"కోడే లేకపోతే టెస్ట్ ఫెయిలవుతుంది కదమ్మా?"

"అవ్వాలి సార్. అవ్వకపోతేనే అనుమానించాలి."

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇంత అప్రాచ్యపు మాట వినలేదు. ఒకటో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ చదివించే జాతి మనది. పదికి తొమ్మిదిన్నర వస్తే ఆ అర పాయింటు ఎక్కడ పోయిందని చుట్టాలు ఇంటికొచ్చి మరీ ఆరా తీస్తారు. అలాంటి గడ్డ మీద కోడ్‌ను పరీక్షించే చిన్న ప్రోగ్రామే ముందు రాసి, అది ఫెయిలై ఎరుపు చూడాలట, సరిపడినంతే కోడ్ రాసి పాసైన ఆకుపచ్చ తెప్పించాలట, ఆ తర్వాత రాసిందాన్ని తీరిగ్గా చక్కబెట్టుకోవాలట. టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్ అనే ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ ప్రోగ్రామర్ కెంట్ బెక్, ఇది తాను కొత్తగా కనిపెట్టింది కాదని, పాతదాన్నే మళ్లీ వెలికితీశానని చెప్పుకున్నాడు. సొంత గొప్ప చెప్పుకోవడం కూడా రాని మనిషిని నమ్మి ప్రాజెక్టు ఎలా నడపడం?

పైగా మాది తెర మీద కనిపించే సాఫ్ట్‌వేర్. మందుల హోల్‌సేల్ షాపులకు బిల్లింగ్. కంటికి కనిపించేదాన్ని కంటితో చూసి సరే అనుకోవాలి గానీ, దానికో ప్రోగ్రామ్ రాయడమేమిటి? ఈ మాటే అంటే ఆ పిల్ల 2002లో మైకేల్ ఫెదర్స్ అనే ప్రోగ్రామర్ రాసిన వ్యాసం ఒకటి తీసింది. అందులో ఆయన చెప్పేది 'వినయం గల డైలాగ్ బాక్స్' గురించి. విండోకు తెలివి ఉండకూడదు. నొక్కారన్న కబురు లోపలికి చేరవెయ్యాలి, లోపలివాళ్లు చూపించమన్నది చూపించాలి, అంతే. తెలివంతా లోపలి ఆబ్జెక్టులో, అంటే తెర వెనకుండే కోడ్ ముక్కలో ఉంటే తెర తెరవకుండానే దాన్ని పరీక్షించొచ్చట.

నాకు ఒళ్లు మండింది. మా 'బిల్లు' బటన్ వెనక 940 లైన్లున్నాయి. డిస్కౌంటు, పన్ను, స్టాకు, ఎక్స్‌పైరీ, ప్రింటరు అన్నీ ఆ ఒక్క క్లిక్‌లోనే. ఉమ్మడి కుటుంబంలా నడుస్తోంది. మధ్యలో ఎవరో పాత ఉద్యోగి "దీన్ని ముట్టుకోవద్దు" అని కామెంటు పెట్టి వెళ్లాడు. పదేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. అంత హోదా ఉన్న బటన్‌ను వంగి నమస్కారం పెట్టమంటే ఎలా?

ఇంతలో 2025 సెప్టెంబరు 22 వచ్చింది. సోమవారం, నవరాత్రులు మొదలు. ఆ రోజు నుంచే చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. ఆదివారం రాత్రి నేను టీ కప్పు పక్కన పెట్టుకుని, ఆ 940 లైన్లలో '12' ఉన్నచోటల్లా '5' వచ్చేలా రీప్లేస్ ఆల్ కొట్టాను. తర్వాత చేతులారా పరీక్షించాను కూడా. మార్చి ఎక్స్‌పైరీ ఉన్న పారాసిటమాల్ ఒకటి బిల్లు చేస్తే 105 రూపాయలు వచ్చింది. కళ్లు చల్లబడ్డాయి. ఇంటికెళ్లి పడుకున్నాను.

తెల్లారేసరికి మా సాఫ్ట్‌వేర్‌లో ఏడాదికి ఐదే నెలలు. జూన్ నుంచి డిసెంబరు దాకా ఎక్స్‌పైరీ ఉన్న ప్రతి మందునూ 'నెల తప్పు' అని తోసిపారేసింది. డజనుకు ఐదు సీసాలే లెక్కగట్టింది. మధ్యాహ్నానికల్లా మార్చిందంతా వెనక్కి తీసేశాను.

పరీక్షల మీద నాకు గౌరవం లేదని మాత్రం అనొద్దు. మౌస్ కదలికలు రికార్డు చేసి రాత్రిపూట మళ్లీ ఆడించే స్క్రిప్టు నా దగ్గర ఎప్పటినుంచో ఉంది. విండో తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో తెలీదు కాబట్టి ప్రతి అడుగుకూ ఐదు సెకన్లు నిద్ర పెట్టాను. అప్పుడప్పుడూ ఫెయిలైతే నిద్ర పది సెకన్లు చేస్తాను. కుంభకర్ణుడి మీద నాకు నమ్మకం ఎక్కువ. అయితే ఆ సోమవారమే పండగ కానుకగా కొత్త మానిటర్లు బిగించారు. పాత తెర మీద 'రద్దు' ఉన్నచోటికి కొత్త తెర మీద 'ప్రింట్' వచ్చింది. మా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు రాత్రంతా కీచుమంటూ అమ్మవారికి జాగారం చేసింది.

మంగళవారం ఆ అమ్మాయి ఒక షాపు యజమానిని పిలిచి పక్కన కుర్చీ వేసింది. కుకుంబర్ అని ఒకటుంది లెండి, పేరుకు దోసకాయే గానీ అంగీకార పరీక్షల పరికరం. వాడేవాళ్లకు కావలసింది మామూలు మాటల్లో రాస్తే, సాఫ్ట్‌వేర్ అలాగే చేస్తోందో లేదో చూస్తుంది. దానికి తెలుగు వచ్చు. ఆమె ఇలా టైపు చేసింది:

సన్నివేశం: కొత్త పన్నుతో బిల్లు
చెప్పబడినది ఒక మందు ధర 100, పన్ను 5 శాతం
ఈ పరిస్థితిలో ఆ మందు ఒకటి బిల్లు చేస్తే
అప్పుడు మొత్తం 105 రావాలి

'చెప్పబడినది' చూడగానే నాకు తహసీల్దారు ఆఫీసులో ఉన్నట్టనిపించింది. షాపాయన మాత్రం కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, "బానే ఉందమ్మా. కానీ మొన్న 12తో అమ్మిన సరుకు ఇప్పుడు వాపసొస్తే? ఆ రిటర్ను 12తోనే చెయ్యాలిగా?" అన్నాడు. నాకది తట్టనే లేదు. తట్టలేదని పైకి చెప్పలేదు. ఆమె కిక్కురుమనకుండా రెండో సన్నివేశం మొదలుపెట్టింది. అది ఎర్రగా ఫెయిలైతే ఇద్దరూ సంతోషించారు!

సాయంత్రానికి పన్ను లెక్క బటన్‌లోంచి బయటికొచ్చి వేరు కాపురం పెట్టింది. దాని టెస్టులు ఒక్క సెకనులో అయిపోతున్నాయి. నా స్క్రిప్టు నడుస్తుంటే కనీసం టీకి వెళ్లిరావచ్చు. ఈ విషయంలో నా అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా నమోదు చేయాలని ఈ వ్యాసం రాస్తున్నాను, ఆ రాత్రి ప్రింటరు కక్కిన కాగితాల వెనకవైపే. ఇంకా బోలెడున్నాయి. ముందువైపు అన్నిటి మీదా 100 రూపాయల మందు, మొత్తం 112 అని ఉంది. తారీఖు సెప్టెంబరు 22. నా స్క్రిప్టు రిపోర్టులో మాత్రం పాస్ అనే వచ్చింది.