సగటు శక్తి చూస్తే సరిపోదండీ

ట్యూబ్‌లైటు మీద మీరు వేసిన వ్యాసం మొదటి భాగంలో, ఎలక్ట్రాన్లన్నీ ఒకే వేగంతో వాయువును ఢీకొంటాయన్నట్టు రాశారు. కానీ ఒక్కోదానిదీ ఒక్కో వేగం. అసలు కిటుకు అక్కడే ఉందండీ. అమలాపురంలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మావాళ్లు మామూలు లాప్‌టాప్ మీదే మాంటీ కార్లో పద్ధతిలో (యాదృచ్ఛిక సంఖ్యలతో లెక్కించే పద్ధతి), ట్యూబులో నింపే ఆర్గాన్ వాయువులో ఏ శక్తితో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉంటాయో లెక్క కట్టారు. ఎలక్ట్రాన్ ఢీకొందా లేదా, కొంటే ఏ రకంగా అన్నది అడుగడుగునా ఒక యాదృచ్ఛిక సంఖ్యే తేలుస్తుంది. ఆర్గాన్‌ను ఉత్తేజపరచడానికి కనీసం 11.55 ఎలక్ట్రాన్ వోల్టులు, అయనీకరణకు, అంటే దానిలోంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి, 15.76 కావాలి. 11.55 కంటే తక్కువైతే తగిలి పక్కకు తిరగడమే, శక్తి దాదాపు పోదు. ఆర్గాన్ పరమాణువు ఎలక్ట్రాన్ కంటే సుమారు 73 వేల రెట్లు బరువు మరి! సగటు శక్తి నాలుగైదు ఎలక్ట్రాన్ వోల్టులే ఉన్నా డిశ్చార్జి (వాయువు గుండా కరెంటు పారడం) నిలబడుతోందంటే, శక్తి పంపిణీ గ్రాఫులో ఎక్కువ శక్తి వైపు తోకలో ఉన్న కాసిని చురుకైన ఎలక్ట్రాన్ల పుణ్యమే.

రొయ్యల చెరువు షెడ్లలో లోవోల్టేజి వచ్చినప్పుడు ట్యూబు చివర్లు మాత్రమే ఎర్రబడి, మధ్యలో వెలగకపోవడం కోనసీమలో అందరూ చూసిందే. ఫిలమెంట్లు వేడెక్కినా, ఎలక్ట్రాన్లను పరిగెత్తించే విద్యుత్ క్షేత్రం చాలదు.

ఇంకొకటి: 0.2–0.3 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఎలక్ట్రాన్లకు ఆర్గాన్ దాదాపు అడ్డే కాదు, దాన్నే రామ్‌సౌర్ ప్రభావం అంటారు. అడ్డు అలా పడిపోయే ఆ పల్లాన్ని కోడ్‌లో వదిలేస్తే బలహీన క్షేత్రాల్లో డ్రిఫ్ట్ వేగం (క్షేత్రం వల్ల ఎలక్ట్రాన్లు సగటున ముందుకు సాగే వేగం) తప్పొస్తుంది. రెండో భాగంలో ఈ శక్తి పంపిణీ గ్రాఫు తప్పకుండా వేయండి, పిల్లలకు చూపిస్తాను.