ఎన్వీ, జెలసీ ఒకటే అంటే ఎలా?

ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు చెప్పే ఒక వ్యాసం చదివాను. ఎన్వీ, జెలసీ, రిజెంట్‌మెంట్ మూడింటికీ 'అసూయ' అని ఒకే అర్థం రాసి వదిలేశారు అందులో, అక్కడే నాకు పేచీ. ఎన్వీకి ఇద్దరు చాలు: అవతలివాడి దగ్గర ఉంది, నా దగ్గర లేదు, అదీ మంట. జెలసీలో మామూలుగా మూడో మనిషి కూడా ఉంటాడు, నాదనుకున్న ప్రేమనో చోటునో వాడు ఎగరేసుకుపోతాడేమోనన్న భయం అది. అయితే ఇంగ్లీషువాళ్లే మాటల్లో ఈ తేడా పాటించరు, స్నేహితుడు టూర్‌కి వెళ్తున్నానంటే 'ఐయామ్ సో జెలస్' అనేస్తారు, డిక్షనరీలు కూడా దాన్ని ఒప్పుకున్నాయి. కానీ భార్యను అనుమానించే మొగుడిని 'ఎన్వియస్' అంటే మాత్రం కుదరదు.

రిజెంట్‌మెంట్ సంగతి వేరు. దానికి అసూయే ఉండాలని లేదు, నాకు అన్యాయం జరిగిందన్న బాధ ఉంటే చాలు. పని నేను చేశాను, పేరు ఇంకొకడికి వచ్చింది, పైకి ఏమీ అనలేదు, లోపల మాత్రం ఏళ్ల తరబడి రగులుతూనే ఉంది. ఈ మాటకు మూలమైన ఫ్రెంచి క్రియలో 'మళ్లీ అనుభవించడం' అనే భావం ఉంది, ఎంత సరిగ్గా కుదిరిందో చూడండి! మన 'అక్కసు' దీనికి కాస్త దగ్గర. గ్రడ్జ్ అయితే ఏకంగా కక్షే. అదే 'ఐ డోంట్ బిగ్రడ్జ్ హిమ్ హిజ్ సక్సెస్' అంటే వాడు బాగుపడితే నాకేం కడుపుమంట లేదని.

ఇంకోటి, ఎన్వియబుల్ అంటే ఇతరులు కుళ్లుకునేంత బాగున్నది, ఎన్వియస్ అంటే ఆ కుళ్లుకునేవాడు. పొగుడుదామని బాస్‌తో రెండోది అనేసి నేను ఒకసారి ఇరుక్కున్నాను.