మూడు గడులు కోసేశారండీ!

అమలాపురంలో ఫ్రేము కట్టమని ఇస్తే, ఫ్రేముకి సరిపడేలా బొమ్మనే కోసేస్తారా? రష్యన్ చిత్రకారుడు కాండిన్స్కీ 1913లో కాగితం మీద వేసిన బొమ్మకి ప్రింటు అది. అడ్డంగా నాలుగు, నిలువుగా మూడు, మొత్తం 12 గడులు, ఒక్కో గడిలో ఒకదానిలో ఒకటి వలయాలు, ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే ఎలా ఉంటుందో చూసుకోవడానికి వేసుకున్నది. రెడీమేడ్ ఫ్రేము చదరంగా ఉందని కుడివైపు వరస మొత్తం కత్తిరించి, 9 గడులు చేతిలో పెట్టి, "అన్నీ సున్నాలేగా, ఏం తెలుస్తుందండీ" అంటాడు. దేవుడి పటంలో చెయ్యి కోస్తాడా? పైగా బొమ్మకీ అద్దానికీ మధ్య ఎడం ఉంచే అట్ట, అదే మౌంట్, పెట్టకుండా అద్దాన్ని ప్రింటుకే ఆనించేశాడు. మన కోనసీమలో వానాకాలం వస్తే గోడలే చెమ్మెక్కుతాయి, ఇక ఆ కాగితం అద్దానికి అంటుకుపోయి, బూజు మచ్చలొచ్చాక ఊడదీస్తే రంగు అద్దంతోనే లేచొస్తుంది. కత్తెర పెట్టేముందు ఒక్క ఫోన్ చేసి అడిగితే ఏం పోయింది?